టాంగ్ చేప మీద తెల్ల చుక్కలు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి. ఇప్పుడేం చెయ్యాలి?

నీలిరెక్క:

అందరికీ నమస్తే. నాది సాల్ట్ వాటర్ ట్యాంక్, దాదాపు 300 లీటర్లు ఉంటుంది. రెండు క్లౌన్ చేపలు, ఒక రాయల్ గ్రామా, ఒక బ్లెన్నీ చాలాకాలంగా ఏ గొడవా లేకుండా ఉన్నాయి. ఇవి కాక రెండు క్లీనర్ రొయ్యలు, నత్తలు, హెర్మిట్ పీతలు, కొన్ని సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడాలు). ఈమధ్యే ఒక పౌడర్ బ్లూ టాంగ్ వేశాను. వేసిన వారంలోపే దాని రెక్కల మీద తెల్ల చుక్కలు కనపడ్డాయి. మందు సంగతి కనుక్కునేలోపే అవి వాటంతట అవే పోయాయి. తగ్గిందిలే అనుకుంటే ఇప్పుడు అంతకు రెట్టింపు వచ్చాయి, ఈసారి ఒంటి మీద కూడా ఉన్నాయి, పైగా ఒక క్లౌన్ తోక మీద కూడా నాలుగైదు కనపడుతున్నాయి. టాంగ్ రాళ్ళకు ఒళ్ళు రాసుకుంటోంది, మొప్పలు కొంచెం వేగంగా ఆడిస్తోంది, తిండి మాత్రం బాగానే తింటోంది.

అడిగితే తలో మాట చెప్తున్నారు. మేతలో వెల్లుల్లి రసం కలపమని ఒకరు, హీటర్ 30 డిగ్రీలకు పెంచమని ఒకరు, కాపర్ మందు నేరుగా ట్యాంక్‌లో పోసెయ్యమని ఇంకొకరు. క్లీనర్ రొయ్యలు ఉన్నాయిగా, అవే ఏరుకు తినేస్తాయి, ఊరికే కంగారుపడకు అని మరొకరు. టెన్షన్‌గా ఉంది. మొదట ఏ పని చెయ్యాలో ఎవరైనా సూటిగా చెప్పండి.


ఉప్పుగాలి:

మొదటి పని, ఆ ట్యాంక్‌లో ఏ మందూ పోయకండి. ముఖ్యంగా కాపర్. కాపర్ పోస్తే మీ రొయ్యలు, నత్తలు, పీతలు, కోరల్స్ అన్నీ పోతాయి, అంతటితో ఆగదు, లైవ్ రాక్ (ట్యాంక్‌లోని బ్యాక్టీరియా పట్టిన రాళ్ళు), ఇసుక ఆ కాపర్‌ని పీల్చుకుంటాయి కాబట్టి ఒకపక్క నీళ్ళలో మందు పాళ్ళు నిలబడవు, మరోపక్క రేపు మళ్ళీ రొయ్యని వెయ్యాలంటే ఆ రాళ్ళని నమ్మలేరు.

రెండో పని, టాంగ్‌ని దగ్గరగా, లైటు పక్కనుంచి పడేలా చూసి చెప్పండి. చుక్కలు ఉప్పు రవ్వల్లాగా విడివిడిగా, లెక్కపెట్టగలిగేలా ఉన్నాయా, లేక ఒళ్ళంతా సన్నటి పొడి అంటినట్టు, కాస్త బంగారు ఛాయలో ఉందా? చేప పవర్‌హెడ్ (నీళ్ళని తోసే పంపు) ముందుకెళ్ళి ప్రవాహానికి ఎదురుగా నిలబడుతోందా? లైటు పడితే దాక్కుంటోందా? తిండి మానేసిందా? ఇవి ఎందుకు అడుగుతున్నానంటే మొదటి రకం మెరైన్ ఇక్ అనే పరాన్నజీవి, దానికి ఆలోచించుకోవడానికి మీకు కొంచెం టైము ఉంటుంది. రెండోది వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి. అది చర్మం కన్నా ముందు మొప్పల్ని పట్టుకుంటుంది, ఒంటి మీద పొడి కనపడేసరికే చేప ఊపిరాడక అవస్థపడుతూ ఉంటుంది, రెండు మూడు రోజుల్లో ట్యాంక్ మొత్తం ఖాళీ అయినా ఆశ్చర్యం లేదు. వెల్వెట్ అని అనుమానం వస్తే రేపటికి వాయిదా వెయ్యకూడదు.


నీలిరెక్క:

విడివిడి చుక్కలే అండి. పొడిలాగా లేదు. లైటుకి భయపడట్లేదు, పవర్‌హెడ్ దగ్గరికి వెళ్ళట్లేదు. మేత వేస్తే అందరికన్నా ముందు అదే వస్తుంది. ఇంకో సంగతి గమనించాను, చుక్కలు పొద్దున ఒకలా, సాయంత్రానికి ఇంకోలా ఉంటున్నాయి.


ఉప్పుగాలి:

అయితే ఇక్ అనే అనుకోవచ్చు, క్రిప్టోకారియాన్ ఇరిటన్స్ అని దాని పేరు. మైక్రోస్కోప్ కింద చూస్తే తప్ప నూటికి నూరుపాళ్ళు చెప్పలేం గానీ మీరు చెప్పిన తీరంతా దానిదే. చుక్కలు వచ్చి పోయి మళ్ళీ వచ్చాయన్నారు చూడండి, దాని గుట్టు మొత్తం అక్కడే ఉంది.

మీకు కనపడే తెల్ల చుక్క అంటే పరాన్నజీవి చేప చర్మం పైపొర కింద దూరి తింటూ పెరుగుతున్న దశ. అక్కడ 3 నుంచి 7 రోజులు ఉంటుంది. బాగా తిని బలిశాక అదే చేపను వదిలేసి కిందికి దిగిపోతుంది, ఎక్కువగా చీకట్లో. మీరు తగ్గింది అనుకున్నది ఆ రోజే. దిగాక రాయి మీదో, ఇసుకలోనో, గ్లాసు మీదో, చివరికి నత్త గుల్ల మీదైనా సరే అతుక్కుని గట్టి తిత్తి కట్టుకుంటుంది. లోపల విడిపోతూ విడిపోతూ ఒక్క తిత్తిలోంచి రెండు వందలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పిల్లలు బయటికొస్తాయి. అవి నీళ్ళలో ఈదుతూ చేప కోసం వెతుకుతాయి, ఒకటి రెండు రోజుల్లో చేప దొరకకపోతే చస్తాయి. ఒక గ్లాసు పెట్టెలో చేప దొరకకపోవడం ఎక్కడుంటుంది? సముద్రంలో అయితే ఆ పిల్లల్లో ఎక్కువ శాతం వృథాగా పోతాయి, అందుకే అక్కడి చేపల మీద ఒకటి అరా తప్ప ఇంతలా కనపడవు.

ఇందులో మందుకు లొంగేది ఆ ఈదే దశ ఒక్కటే. చర్మం కింద ఉన్నదాన్ని కాపర్ ఏమీ చెయ్యలేదు, తిత్తిలో ఉన్నదాన్నీ చెయ్యలేదు. అందుకే ఏ చికిత్సైనా వారాల తరబడి సాగుతుంది. తిత్తులన్నీ ఒకేసారి పగలవు కూడా, కొన్ని మూడు రోజులకే పగిలితే కొన్ని 28 రోజులు తీసుకుంటాయి, నమోదైన వాటిలో గరిష్ఠం 72 రోజులు.

మీకు వచ్చిన సలహాల గురించి. హీటర్ పెంచమన్నది మంచినీటి చేపల వాళ్ళ సలహా. వాళ్ళ ఇక్ వేరే జీవి, ఇక్తియోఫ్తిరియస్, ఆ చిట్కా దానికి పనిచేస్తుంది. ఇక్కడ వేడి పెంచితే పరాన్నజీవి ఇంకా తొందరగా పిల్లల్ని పెడుతుంది, నీళ్ళలో ఆక్సిజన్ మాత్రం తగ్గుతుంది, మొప్పలు దెబ్బతిన్న చేపకి అదొక శిక్ష. వెల్లుల్లి వల్ల కొన్ని చేపలు మేత ఇష్టంగా తింటాయేమో, ఇక్ పోదు. రొయ్యలకేమో చర్మం కింద ఉన్నది అందదు. సముద్రంలో క్లీనర్ రాస్ చేపలు ఏరుకు తినేది నాథియిడ్ అనే చిన్న పురుగుల్ని, వాటికీ దీనికీ సంబంధమే లేదు.


రీఫ్‌తాత:

ఉప్పుగాలి గారు చెప్పిన సైన్సుతో నాకు పేచీ లేదు. కానీ కొత్తవాళ్ళు ఇది చదివి వెంటనే రాళ్ళన్నీ పీకి, చేపల్ని వలతో తరిమి తరిమి పట్టి, సరిగ్గా సిద్ధం చెయ్యని బకెట్లో వేసి అమోనియాతో చంపేస్తారు. అలా పోయిన చేపలు ఇక్‌తో పోయినవాటికన్నా తక్కువేం కాదని నా అభిప్రాయం.

నేను ఇక్ ఉన్న ట్యాంక్‌నే నడుపుతున్నాను, దాచేదేం లేదు. మంచి మేత, రోజుకు రెండు మూడుసార్లు, నోరి (ఎండబెట్టిన సముద్రపు పాచి) ఎప్పుడూ క్లిప్పుకి ఉంటుంది, పెద్ద యూవీ స్టెరిలైజర్ (నీళ్ళలోని క్రిముల్ని చంపే లైటు), నీళ్ళ పారామీటర్లు అటూ ఇటూ కదలనివ్వను. ఒకసారి ఇక్ తట్టుకుని బతికిన చేపకి కొంత రోగనిరోధక శక్తి వస్తుంది, అది ఆరు నెలల దాకా ఉండొచ్చని పరిశోధనల్లోనే ఉంది. చేప తింటోంది, చురుగ్గా ఉంది. కొన్నాళ్ళు చూసి అప్పుడు నిర్ణయం తీసుకుంటే తప్పేంటి?

అన్నట్టు 300 లీటర్లకి పౌడర్ బ్లూ ఏంటి స్వామీ. చికిత్స సంగతి ఎలా ఉన్నా అది పెరిగేకొద్దీ అక్కడ ఇమడదు. ఇరుకు వల్ల వచ్చే ఒత్తిడి కూడా ఇక్‌కి తోడవుతుంది.


ఉప్పుగాలి:

తాతగారూ, మీ ట్యాంక్‌లో సాగుతోందంటే మీ చెయ్యి మంచిది, మీ చేపలు కూడా పాతవి. ఆ పద్ధతి అసలు పనికిరాదని నేను అనను. ఈ కేసులో మాత్రం వద్దంటాను. అన్ని చేపల్లోకీ ఇక్‌కి ఇట్టే దొరికిపోయేవి సర్జన్ చేపలు, అంటే టాంగ్‌లు, వాటిలోనూ పౌడర్ బ్లూ, అకిలీస్ మరీ అధ్వాన్నం. రెండో విడతకే రెట్టింపైంది, క్లౌన్‌కి కూడా పాకింది. ఇప్పుడు తింటోంది కాబట్టే ఇప్పుడు చికిత్స చెయ్యాలి, తిండి మానేశాక కాపర్‌లో వేస్తే తట్టుకోదు. కొన్నాళ్ళు చూద్దాం అంటే సరిగ్గా ఆ మంచి రోజులే పోతాయి.

ఆ నిరోధక శక్తి కూడా సంపూర్ణం కాదు కదా. చుక్కలు కనపడకుండా మొప్పల్లో ఒకటీ అరా మోస్తూ తిరుగుతాయి. కరెంటు పోయి నీళ్ళు చల్లబడినా, కొత్త చేప వచ్చి తగాదా పెట్టుకున్నా, మళ్ళీ పైకి తేలుతుంది. యూవీ ఈదే పిల్లల్ని కొన్నిటిని చంపుతుంది, సంఖ్య తగ్గుతుంది, సున్నా కాదు.

అమోనియా గురించి మీరన్నది మాత్రం వంద శాతం నిజం. దాని గురించి ఇసుకలేనితొట్టి గారు రాస్తే బాగుంటుంది, ఆయన ఏడాదంతా ఏదో ఒక చేపని క్వారంటైన్‌లో పెట్టే ఉంటారు.


ఇసుకలేనితొట్టి:

పిలిచారు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా.

చేపల్ని విడిగా తీసి కాపర్ చికిత్స చేసే తొట్టినే హాస్పిటల్ ట్యాంక్ అంటాం, అందులో అలంకారం ఏమీ ఉండదు. ఖాళీ గ్లాసు ట్యాంక్, అడుగున ఇసుక వద్దు, రాళ్ళు వద్దు. హీటర్, ఎయిర్ పంప్, స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, పైన మూత లేదా వల. మీకు టాంగ్‌తో కలిపి అయిదు చేపలున్నాయి కాబట్టి ఎంత పెద్దది పెట్టగలిగితే అంత పెద్దది పెట్టండి, టాంగ్‌ని విడిగా పెట్టగలిగితే ఇంకా మంచిది. మీ సంప్‌లో (ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) ఏదైనా స్పాంజ్ గానీ సిరామిక్ ముక్కలు గానీ ఉంటే అవి తెచ్చి ఇందులో వెయ్యండి, వాటి మీది బ్యాక్టీరియానే ఇక్కడ అమోనియాని తినిపెడుతుంది. వాటితో పాటు ఇక్ కూడా వస్తుందేమో అని భయపడక్కర్లేదు, వచ్చే చేపలకి ఎలాగూ ఉంది, కాపర్ అందులోనే పనిచేస్తుంది. అమోనియా రోజూ చూడండి, కనపడితే నీళ్ళు మార్చండి, మార్చే కొత్త నీళ్ళలో కూడా అదే పాళ్ళలో కాపర్ ముందే కలిపి ఉంచండి. ఇంకోటి, కాపర్ ఉన్న నీళ్ళలో ప్రైమ్ లాంటి అమోనియా తగ్గించే మందులు ఎట్టి పరిస్థితుల్లోనూ పోయొద్దు. రెండూ కలిస్తే కాపర్ చేపలకి ఇంకా విషంగా మారుతుంది, ఇది కుప్రమైన్ తయారీదారులే చెప్పే మాట. యాక్టివేటెడ్ కార్బన్ తీసెయ్యండి, యూవీ కూడా వద్దు.

కాపర్ రెండు రకాలు. కుప్రమైన్ లాంటి వాటికి లక్ష్యం లీటరుకి 0.5 మిల్లీగ్రాములు. కాపర్ పవర్ లాంటి కీలేటెడ్ రకానికి (కాపర్‌ని వేరే పదార్థంతో కట్టిపెట్టినది) 1.5 నుంచి 2.5 దాకా, ఎక్కువమంది 2 పైన, 2.5 దగ్గర ఉంచుతారు. ఒకదాని లెక్క ఇంకోదానికి వేస్తే చేపలు అక్కడికక్కడే పోతాయి, కాబట్టి సీసా మీద ఏముందో ముందు చదవండి. మొదటిసారి చేసేవాళ్ళకి నేను కీలేటెడ్ రకమే చెప్తాను, అటూ ఇటూ అయినా కొంచెం ఓర్చుకుంటుంది. ఇక్ కాబట్టి ఒకేరోజు పూర్తి మోతాదు వెయ్యక్కర్లేదు, రెండు నుంచి నాలుగు రోజుల్లో మెల్లగా పెంచండి. వెల్వెట్ అయితే అంత తీరిక ఉండదు, తొందరగా పెంచాల్సిందే. లక్ష్యానికి చేరిన రోజు నుంచి 30 రోజులు. మధ్యలో ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది, ఇందులో బేరాలు లేవు.

కొలవడానికి రంగు చూసి పోల్చుకునే కిట్లని నేను నమ్మను. హానా వాళ్ళ హై రేంజ్ కాపర్ చెకర్ లాంటి డిజిటల్‌ది ఉంటే నిద్ర పడుతుంది. కాపర్‌లో చేపలకి ఆకలి తగ్గడం మామూలే. రెండు మూడు రోజులు అసలు ముట్టకపోతే పాళ్ళు కొంచెం పెరిగిందేమో చూసుకోండి.

కాపర్ అంటే భయం ఉంటే ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి ట్యాంక్ మార్పిడి. చేపని ప్రతి 72 గంటల లోపు పూర్తిగా శుభ్రం చేసి ఆరబెట్టిన ఇంకో తొట్టిలోకి మార్చడం, అలా నాలుగుసార్లు. పరాన్నజీవి చేప నుంచి దిగి తిత్తి కట్టి పిల్లల్ని వదిలేలోపే చేప అక్కడ ఉండదు, అంతే కిటుకు. మందు అక్కర్లేదు, కానీ పాత తొట్టి, వల, పైపులు, ఎయిర్ స్టోన్ ఏదీ కొత్త దాంట్లోకి రాకూడదు, నీళ్ళు కూడా వీలైనంత తక్కువ. వెల్వెట్‌కి ఇది పనిచెయ్యదు. రెండోది హైపోసెలినిటీ, అంటే ఉప్పు తగ్గించి సాంద్రత 1.009 దగ్గర నిలపడం, నాలుగు వారాలకి పైగా. రెండు రోజుల్లో దించొచ్చు, తిరిగి పెంచేటప్పుడు మాత్రం వారం తీసుకోండి. రిఫ్రాక్టోమీటర్‌ని (ఉప్పు కొలిచే పరికరం) 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 పాళ్ళు ఉప్పున్న ద్రావణంతో సరిచూసుకోకుండా ఇది మొదలుపెట్టొద్దు, 1.011 ఉన్నా మీరు చేసింది దండగ. పీహెచ్ కూడా పడిపోతూ ఉంటుంది, చూసుకోవాలి. తక్కువ ఉప్పుని తట్టుకునే ఇక్ రకాలు కూడా ఉన్నట్టు పరిశోధనలు వచ్చాయి, పైగా వెల్వెట్ దీన్ని లెక్కే చెయ్యదు. అందుకే నా వరకు కాపరే.


నీలిరెక్క:

చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. గ్రామాకి, బ్లెన్నీకి ఒక్క చుక్క కూడా లేదు. వాటిని అక్కడే ఉంచి టాంగ్‌నీ క్లౌన్లనీ మాత్రమే తీస్తే సరిపోదా? గ్రామాని పట్టాలంటే రాళ్ళు సగం తియ్యాలి.


ఉప్పుగాలి:

సరిపోదు. ఒక్క చేప మిగిలినా ఇక్‌కి ఇల్లు దొరికినట్టే. చుక్కలు కనపడనంత మాత్రాన లేదని కాదు, మొప్పల్లో ఉంటే మనకి కనపడదు. అన్నిటినీ తియ్యాలి, ట్యాంక్‌ని 76 రోజులు చేపల్లేకుండా వదిలెయ్యాలి. 72 రోజులని పైన చెప్పాను కదా, దాని మీద కాస్త అదనం కలిపితే వచ్చిన లెక్క ఇది. నీళ్ళు 27 డిగ్రీల పైన ఉంచి ఆరు వారాలకే ముగించేవాళ్ళు ఉన్నారు, చాలాసార్లు పని జరుగుతుంది, చాలాసార్లు అన్న మాట నాకు చాలదు.

రాళ్ళు తియ్యాల్సి వస్తే సగం నీళ్ళు తోడేశాక తియ్యండి, చేప పరిగెత్తే చోటు తగ్గుతుంది. తియ్యబోయే ముందు రాత్రి లైట్లు ఆర్పేశాక టార్చితో చూడండి, గ్రామా ఏ సందులో పడుకుంటుందో తెలిస్తే ఆ ఒక్క రాయీ ఎత్తితే చాలు.


పగడపుపిచ్చి:

నాదొక చిన్న మాట. ఇక్ మీదే అందరూ ఉన్నారు గానీ, ఆ టాంగ్‌కి ఫ్లూక్స్ (చర్మాన్ని, మొప్పల్ని పట్టే చదును పురుగులు) కూడా ఉండే అవకాశం బాగానే ఉంది. రాసుకోవడం, మొప్పలు వేగంగా ఆడటం, కళ్ళు మసకబారడం అన్నీ వాటి లక్షణాలే, కాపర్ వాటి మీద పనిచెయ్యదు. హాస్పిటల్ ట్యాంక్‌లోకి మార్చే ముందు మంచినీటి డిప్ ఇవ్వండి. ఆర్‌ఓ నీళ్ళ ఉష్ణోగ్రత, పీహెచ్ ట్యాంక్‌తో సమానం చేసి, గాలి బాగా ఆడించి, అయిదు నిమిషాలకి మించకుండా, పక్కనే ఉండి చూస్తూ. చేప మొదట పక్కకి ఒరిగి చచ్చినట్టు నటిస్తుంది, బెదిరిపోకండి, నిజంగా ఊపిరి ఆపేస్తే మాత్రం వెంటనే తీసెయ్యండి. ఫ్లూక్స్ ఉంటే తెల్లటి పలచటి రేకుల్లాంటివి తొట్టి అడుగున రాలతాయి, అడుగు నల్లగా ఉంటే బాగా కనపడతాయి. ఇక్ మాత్రం చర్మం కింద ఉంటుంది కాబట్టి దీనికి రాలదు, డిప్ చేశాం కదా అయిపోయిందిలే అనుకోవద్దు.

రాలితే ప్రాజిక్వాంటెల్ (ప్రాజి) అనే పురుగుల మందు, అయిదారు రోజుల తేడాతో రెండుసార్లు. మందు గుడ్లని చంపదు, గుడ్లు పొదిగి వచ్చినవాటిని రెండో డోసు పట్టుకోవాలి. ఎయిర్ స్టోన్ ఎక్కువ పెట్టండి, ప్రాజి వేసినప్పుడు బ్యాక్టీరియా పెరిగి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది.

క్లౌన్ల మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. చుక్కలు కాకుండా జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే అది బ్రూక్లినెల్లా అనే మరో పరాన్నజీవి, దానికి కాపర్ దండగ, ఫార్మలిన్ కావాలి. ఇప్పుడైతే అలా ఏం చెప్పలేదు మీరు.


రీఫ్‌తాత:

సరే, అందరూ ఒకవైపు ఉన్నారు కాబట్టి నేను తగ్గుతాను. చేసేదేదో ఈ వారంలో చెయ్యండి, సగం సగం చెయ్యొద్దు. పద్ధతిగా నడిపే ఇక్ ట్యాంక్ అయినా, పద్ధతిగా చేసిన కాపర్ అయినా చేప బతుకుతుంది. రెంటికీ మధ్యలో ఊగిసలాడితేనే పోతుంది.


నీలిరెక్క:

కాపర్‌కే వెళ్తున్నాను. తొట్టి, స్పాంజ్ ఫిల్టర్ ఉన్నాయి, చెకర్ తెప్పిస్తున్నాను. ఆ 76 రోజుల తర్వాత మళ్ళీ ఇది లోపలికి రాకుండా ఏం చెయ్యాలి? కోరల్స్‌తో కూడా వస్తుందా?


ఇసుకలేనితొట్టి:

వస్తుంది. కోరల్‌కి ఇక్ పట్టదు గానీ అది అతికిన రాతి ముక్క మీద తిత్తి ఉండొచ్చు, నత్త గుల్ల మీద ఉండొచ్చు, హెర్మిట్ పీత మోసుకు తిరిగే గుల్ల మీద ఉండొచ్చు. తడిగా వచ్చే ప్రతిదానికీ అనుమానం వర్తిస్తుంది. చేపల్లేని చిన్న తొట్టిలో వాటిని కూడా అదే 76 రోజులు ఉంచేవాళ్ళు ఉన్నారు. అంత ఓపిక లేకపోతే కనీసం కోరల్‌ని దాని రాతి ముక్క నుంచి ఊడదీసి కొత్తదానికి అతికించి వెయ్యండి, ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. సంచి నీళ్ళు ఎప్పుడూ ట్యాంక్‌లో పోయొద్దు.

కొత్త చేపలు వస్తే చుక్కలు ఉన్నా లేకపోయినా నేరుగా హాస్పిటల్ ట్యాంక్‌లోకి, కాపర్ ఒక విడత, ప్రాజి రెండు డోసులు, ఆ తర్వాత కొన్నాళ్ళు మందు లేకుండా గమనించడం. మాండరిన్ చేపలకి మాత్రం నేను కాపర్ పెట్టను, వాటి జిగురు మందంగా ఉండి ఇక్‌ని బాగానే ఆపుతుంది, ట్యాంక్ మార్పిడి చేసి వేస్తాను. హాస్పిటల్ ట్యాంక్ పెద్ద ట్యాంక్ పక్కనే పెట్టకండి. వెల్వెట్ పిల్లలు గాలి బుడగలు పగిలినప్పుడు లేచే తుంపర్లలో మూడు మీటర్ల దాకా పోగలవని ప్రయోగం చేసి చూపించారు. వల, సైఫన్ పైపు, బకెట్ దేనికది విడిగా. హాస్పిటల్ ట్యాంక్‌లో చెయ్యి పెడితే కడిగి, తుడిచి, ఆరాకే రెండోదాంట్లో పెట్టండి. చికిత్స అయ్యాక సామానంతా బ్లీచ్‌తో కడిగి పూర్తిగా ఎండబెడితే తిత్తులు మిగలవు.


నీలిరెక్క:

ఆఖరి డౌట్. చేపలు లేనన్ని రోజులూ రొయ్యలకీ పీతలకీ మేత వెయ్యాలా, వాటికి ఉన్నది సరిపోతుందా?


పగడపుపిచ్చి:

రొయ్యలకి రెండు మూడు రోజులకోసారి చిటికెడు వెయ్యండి. పీతలకీ నత్తలకీ పాచి ఎలాగూ ఉంటుంది, అయినా ఆ చిటికెడు మేత ఫిల్టర్ బ్యాక్టీరియాకి కూడా కావాలి, లేకపోతే చేపలు అన్నీ ఒకేసారి తిరిగొచ్చిన రోజు అమోనియా లేస్తుంది. లైట్లు మామూలుగానే నడపండి, కోరల్స్ ఉన్నాయి కదా. టాంగ్‌ని తిరిగి ఆ ట్యాంక్‌లోకే తెస్తారా, పెద్ద ట్యాంక్ ఉన్న ఎవరికైనా ఇస్తారా అన్నది ఆలోగా తేల్చుకోండి, ఆ విషయంలో తాతగారు చెప్పిందే నా మాట కూడా.